ఇరవై రోజుల గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

రెండు మూడు మిల్లుల్లో కలిపి ముప్పై ఏళ్లు పనిచేసిన ఒక పెద్దాయన మూడు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మూడూ తన పీఎఫ్ పెన్షన్ క్లెయిమును తిరస్కరించినట్టు వచ్చిన సమాచారాలే. ఫోనులో వచ్చినవాటిని ప్రింటు తీయించి, మడతలు పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నారు. పేరు కలవలేదని మొదటి కాగితంలో ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, పీఎఫ్ రికార్డులో దాని పొడి అక్షరం ఒక్కటే ఉంది. దాన్ని సరిచేయించి మళ్లీ పెడితే, పాత మిల్లు వదిలిన తేదీ నమోదు కాలేదని రెండోది వచ్చింది. అదీ చేయించాక, రెండు ఉద్యోగాల సర్వీసు పన్నెండు రోజుల పాటు ఒకదాని మీద ఒకటి పడిందని మూడోది. ఈలోగా ఏడు నెలలు గడిచిపోయాయి. "ఇరవై రోజుల్లో ఇస్తారని అందరూ చెబుతారు కదండీ, మరి నాకెందుకు రాలేదు?" అని ఆయన నన్ను అడిగారు.

నేను చాలాకాలం ఒక ఫ్యాక్టరీ అకౌంట్స్ విభాగంలో పీఎఫ్ పనులు చూశాను. రిటైరయ్యాక తెలిసినవారి ఫారాలు నింపి పెడుతున్నాను. యజమాని పక్క బల్ల మీదా, కార్మికుడి పక్క బల్ల మీదా కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది. అది ఎవరూ ఆయనకు చెప్పలేదు, అంతే.

ఇరవై రోజుల మాట వట్టిది కాదు. ఉద్యోగుల పెన్షన్ పథకం 1995లోనే అది రాసి ఉంది. అన్ని పత్రాలతో సమగ్రంగా ఉన్న క్లెయిము చేతికి అందిన 20 రోజుల్లో పరిష్కరించాలి. లోపం ఏదైనా ఉంటే అదే గడువులోగా రాతపూర్వకంగా దరఖాస్తుదారుకు తెలపాలి. తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ లెక్కగట్టి, దాన్ని పీఎఫ్ కమిషనర్ జీతంలోంచి మినహాయించే వీలు కూడా నిబంధనలో ఉంది. ఇరవైకి తగ్గించకముందు ఈ గడువు 30 రోజులు. ఒక ప్రభుత్వ సంస్థ తన అధికారి జీతం మీదికే భారం వెళ్లేలా నియమం రాసుకోవడం చిన్న విషయం కాదు. ఆ నియమం రాసినవారి ఉద్దేశం మంచిదేనని నేను నమ్ముతాను.

చిక్కంతా 'సమగ్రంగా ఉన్న' అన్న రెండు మాటల్లో ఉంది. పేరు కలవని క్లెయిము సమగ్రమైనది కాదు. వదిలిన తేదీ లేనిదీ కాదు. కాబట్టి ఆ పెద్దాయన విషయంలో ఇరవై రోజుల గడియారం మూడుసార్లు మొదలై మూడుసార్లూ ఆగిపోయింది. ఆఫీసు లెక్కలో ప్రతిసారీ క్లెయిము గడువులోగానే 'పరిష్కారమైంది', ఎందుకంటే తిరస్కరణ కూడా ఒక పరిష్కారమే. ఆయన లెక్కలో మాత్రం ఏడు నెలల పెన్షన్ చేతికి రాలేదు. ఈ రెండు లెక్కలూ ఎవరివి వారికి నిజమే. కాలం మీద జరిగే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది.

అడ్వాన్సు మూడు రోజుల్లో, పెన్షన్ నెలల్లో: ఎందుకు?

ఇది అందరికీ వచ్చే అనుమానం. పెళ్లికో వైద్యానికో పీఎఫ్ అడ్వాన్సు పెడితే రెండు మూడు రోజుల్లో బ్యాంకులో పడిన సందర్భాలు ఉన్నాయి. మనిషి ముట్టుకోకుండా కంప్యూటరే పరిష్కరించే అడ్వాన్సు క్లెయిముల పరిమితిని 2025లో 1 లక్ష నుంచి 5 లక్షల రూపాయలకు పెంచారు. అంత వేగం పెన్షన్‌కు ఎందుకు రాదు?

అడ్వాన్సు ఇవ్వడానికి చూడవలసినవి కొద్దే. ఖాతాలో ఎంత ఉంది, అడిగిన కారణానికి ఎంత వరకు ఇవ్వవచ్చు, ఆధార్, బ్యాంకు ఖాతా సరిపోయాయా అన్నంతవరకే. పెన్షన్ అలా కాదు. అది ఖాతాలోని నిల్వను చూసి ఇచ్చేది కాదు. మీరు ఎప్పుడు చేరారు, ఎన్ని చోట్ల పనిచేశారు, ఎన్ని రోజులు జీతం లేని సెలవులో ఉన్నారు, చివరి 60 నెలల సగటు జీతం ఎంత, మీ భార్య లేదా భర్త వయసెంత, పిల్లలకు 25 ఏళ్లు నిండాయా, ఇవన్నీ తేలితేగానీ నెలకు ఎంతో తేలదు. ఒకసారి తేల్చాక ఆ అంకె మీద జీవితాంతం, మీ తర్వాత మీ కుటుంబానికి కూడా చెల్లింపులు జరుగుతాయి. అందుకే 10డీ ఫారం, అంటే పెన్షన్ దరఖాస్తు, డీలింగ్ అసిస్టెంటు బల్ల మీది నుంచి సెక్షన్ సూపర్‌వైజర్‌కూ, అక్కడి నుంచి అధికారికీ వెళ్తుంది. తప్పు అంకె పడితే వెనక్కి తీసుకోవడం అందరికీ కష్టం కాబట్టి ఈ జాగ్రత్త అవసరమే.

అయితే ఆ జాగ్రత్తకు కావలసిన సమాచారం ఎక్కడ తయారైంది? పదేళ్ల కిందట, ఇరవై ఏళ్ల కిందట, ఏదో కంపెనీ జీతాల గుమాస్తా నింపిన కాగితంలో. నేనూ అలాంటి కాగితాలు వందలు నింపాను. కొత్త కార్మికుడు తలుపు దగ్గర నిలబడి పేరు చెబుతాడు. మనం విన్నట్టు రాసుకుంటాం. పుట్టినతేదీ తెలియదంటే బడి సర్టిఫికెట్ తెమ్మంటాం. అతను తేడు. చివరికి ఉజ్జాయింపుగా ఏదో జూలై 1 అని పడుతుంది. ఆ రోజు ఎవరికీ అందులో ప్రమాదం కనిపించలేదు. 58 ఏళ్లు నిండాక ఆ జూలై 1 ఆధార్‌లోని తేదీతో ఢీకొంటుంది. ఆ గుమాస్తాలలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఇది గుర్తొచ్చినప్పుడల్లా బాధ కలుగుతుంది.

ఎన్ని ఉద్యోగాలు మారినా సభ్యుడికి ఒక్కటే ఉండే యూఏఎన్ అనే 12 అంకెల నంబరు 2014లో వచ్చింది. అంతకు ముందు ఉద్యోగం మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరే. అందుకే 2014కు ముందు చేరినవారి క్లెయిముల్లోనే చిక్కులు ఎక్కువ. వారు పనిచేసిన కంపెనీల్లో కొన్ని ఈరోజు లేవు. గేటు కూడా లేదు.

సర్వీసు అన్నది ఎలా లెక్క పెడతారు

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే.

నెల నెలా మీ జీతంలోంచి కోసే 12 శాతం మొత్తం మీ పీఎఫ్ ఖాతాకే వెళ్తుంది. యజమాని తన వంతుగా కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ నిధికి వెళ్తుంది. కేంద్ర ప్రభుత్వం మరో 1.16 శాతం కలుపుతుంది. ఈ లెక్కకు జీతం పరిమితి 2014 సెప్టెంబరు 1 నుంచి 15,000 రూపాయలు. అంతకు ముందు 6,500. మీ పాస్‌బుక్ తెరిచి పెన్షన్ వాటా గడి చూడండి. జీతం పరిమితి దాటినవారికి 2014 ఆగస్టు వరకు నెలకు 541 కనిపిస్తుంది, ఆ తర్వాత 1,250 అవుతుంది. ఆ ఒక్క గడిని నెలల వారీగా చూసుకుంటూ పోతే, ఎక్కడ ఖాళీ ఉందో ఎవరూ చెప్పనవసరం లేకుండా తెలిసిపోతుంది. ఖాళీ ఉన్న ప్రతి చోటా రేపు ఒక ప్రశ్న వస్తుంది.

నెలవారీ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. ఆరు నెలలు, ఆపైన ఉన్న భాగాన్ని ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి తొమ్మిదిన్నరేళ్లు ఉన్నా సరిపోతుంది. పదేళ్లు లేకుండా ఉద్యోగం మానేసినవారికి 10సీ ఫారంలో రెండు దారులున్నాయి. పెన్షన్ వాటా కింద కొంత సొమ్ము తీసుకోవడం ఒకటి. సర్వీసును నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడం రెండోది. మొదటి దారిలో వచ్చేది కొద్ది వేలు. కానీ ఆ వేలతో పాటు ఆ సర్వీసంతా చెరిగిపోతుంది.

ఒక డ్రైవరు కథ చెబుతాను. పందొమ్మిదేళ్లు వేర్వేరు చోట్ల పనిచేశాడు, అన్నిచోట్లా పీఎఫ్ ఉంది. ఉద్యోగం మారిన రెండుసార్లూ ఎవరో చెబితే 10సీ పెట్టి డబ్బు తీసుకున్నాడు. 58 నిండి పెన్షన్‌కు వస్తే మిగిలిన సర్వీసు ఎనిమిదేళ్లు. పందొమ్మిదేళ్లు పనిచేసిన మనిషికి పెన్షన్ లేదు. ఏ ఆఫీసూ తప్పు చేయలేదు, ఏ నియమమూ మీరలేదు. ఆ ఫారం మీద సంతకం పెడుతున్నప్పుడు "దీంతో నీ సర్వీసు పోతుంది, సర్టిఫికెట్ తీసుకుంటే ఉంటుంది" అని ఒక్కరు చెప్పి ఉంటే సరిపోయేది. సభ్యులకు సహాయం అంటే ఫిర్యాదు తీసుకునే కిటికీ అని మనం అనుకుంటాం. ఆ డ్రైవరుకు సహాయం అవసరమైంది ఫిర్యాదు రోజున కాదు, సంతకం రోజున.

ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్‌ను కొత్త ఖాతాకు బదిలీ చేయించుకున్నవారు కూడా ఒకటి గమనించాలి. పీఎఫ్ సొమ్ము కదులుతుంది, పాస్‌బుక్‌లో కనిపిస్తుంది. పెన్షన్ వైపు కదిలేది సొమ్ము కాదు, సర్వీసు వివరం. పాత ఆఫీసు నుంచి లేదా కంపెనీ సొంత ట్రస్టు నుంచి రావలసిన 'అనుబంధం కె' అనే పత్రంలో ఆ వివరం ఉంటుంది. సొమ్ము వచ్చింది కదా అని నిశ్చింతగా ఉంటే, ఆ పత్రంలో చేరిన తేదీ తప్పుండడం పదిహేనేళ్ల తర్వాత బయటపడవచ్చు. బదిలీ అయిన నెలలోనే సర్వీసు వివరాల పేజీ తెరిచి చూడడం అయిదు నిమిషాల పని.

మరో రెండు పొరపాట్లు యజమానుల వల్ల తరచుగా జరుగుతాయి. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరిన ఉద్యోగి జీతం 15,000 దాటి ఉంటే అతను పెన్షన్ పథకంలోకి రాడు. అయినా పాత అలవాటు కొద్దీ 8.33 శాతం పెన్షన్‌కు కట్టేస్తారు. అలాగే 58 నిండిన తర్వాత పెన్షన్ వాటా ఆపేయాలి, ఆపరు. ఈ రెండూ క్లెయిము దగ్గర అడ్డుపడతాయి. పెన్షన్‌లోకి వెళ్లిన సొమ్మును పీఎఫ్ వైపు మళ్లించాకే ఫైలు కదులుతుంది. 58 నిండినా ఉద్యోగంలో కొనసాగేవారు పెన్షన్‌కు దరఖాస్తు చేయవచ్చన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఉద్యోగం మానేశాక చూద్దాంలే అని ఊరుకుంటారు.

"నా లెక్కకూ మీ లెక్కకూ తేడా ఎందుకు?"

పెన్షన్ సూత్రం చాలామందికి నోటికి వచ్చు. సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 2003 సెప్టెంబరులో చేరి 2025 ఆగస్టులో 58 నిండిన ఒకరిని తీసుకుందాం. సర్వీసు 22 ఏళ్లు, చివరి 60 నెలల సగటు 15,000. సూత్రం ప్రకారం 15,000 ఇంటూ 22 బై 70 అంటే 4,714 రూపాయలు వస్తుందని ఆయన లెక్క వేసుకుంటారు. ఆఫీసు లెక్క మరోలా ఉంటుంది. 2014 ఆగస్టు వరకు ఉన్న 11 ఏళ్లకు పాత పరిమితి 6,500 మీద లెక్క: 1,021. తర్వాతి 11 ఏళ్లకు 15,000 మీద: 2,357. రెండూ కలిపి 3,379 రూపాయలకు దగ్గర. ఇరవై ఏళ్లు దాటినందుకు ఇచ్చే రెండేళ్ల అదనపు సర్వీసు కలపకముందే నెలకు 1,335 రూపాయల తేడా వచ్చింది.

ఇది మోసం కాదు, 2014 సవరణలో ఉన్న దామాషా నియమం. కానీ పెన్షన్ చేతికొచ్చిన మనిషికి ఈ నాలుగు లైన్ల లెక్కను ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఆయన తనకు అన్యాయం జరిగిందనుకుంటారు, ఫిర్యాదు పెడతారు. 'నిబంధనల ప్రకారమే లెక్కించాం' అని ఒక్క వాక్యం జవాబు వస్తుంది. ఆయన మళ్లీ పెడతారు. అలా ఒక వివరణ లేకపోవడం వల్ల నాలుగు ఫిర్యాదులు పుడతాయి, ఆ నాలుగింటి కోసం మరో నలుగురి క్లెయిములు ఆగుతాయి. పెన్షన్ ఆర్డరుతో పాటు లెక్క కాగితాన్ని కూడా, అర్థమయ్యే తెలుగులో, జతచేసి పంపాలని నా గట్టి అభిప్రాయం. అదేమంత ఖర్చయ్యే పని కాదు.

తక్కినవి క్లుప్తంగా చెబుతాను. 50 దాటితే ముందుగానే పెన్షన్ తీసుకోవచ్చు కానీ 58కి తగ్గిన ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున కోత పడుతుంది, అది శాశ్వతం. 60 వరకు వాయిదా వేసుకుంటే అదే 4 శాతం చొప్పున పెరుగుతుంది. కనీస పెన్షన్ 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు.

అధిక పెన్షన్ విషయం వేరే వ్యాసమంత ఉంది. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అసలు జీతం మీద పెన్షన్ కోరుతూ 17 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకూ దశాబ్దాల నాటి జీతాల పట్టికలు యజమాని దగ్గర నుంచి రావాలి. వాటిని సమర్పించే గడువును పలుమార్లు పొడిగిస్తూ 2025 జనవరి 31 వరకు తెచ్చారు. మామూలు 10డీ క్లెయిములు చూసే సిబ్బందే వీటినీ చూడాలి. ఒక ఆఫీసులో వేగం ఎందుకు తగ్గిందో ఆలోచించేటప్పుడు ఈ బరువును కూడా లెక్కలోకి తీసుకోవడం న్యాయం.

తిరస్కరణను చదవడం

మళ్లీ ఆ పెద్దాయన మూడు కాగితాల దగ్గరికి వస్తాను. ఆయన పేరులో తేడా ఉందని మొదటిసారి చూసిన రోజునే, పాత మిల్లు వదిలిన తేదీ లేదనీ, పన్నెండు రోజుల సర్వీసు రెండుసార్లు పడిందనీ కూడా అదే తెర మీద కనిపిస్తూనే ఉంది. మొదటి లోపం కనబడగానే ఫైలు వెనక్కి పంపారు. ఒక్కో లోపాన్ని ఒక్కోసారి చెప్పడం వల్ల రెండు నెలల పని ఏడు నెలలైంది. లోపాలన్నీ మొదటిసారే పరిశీలించి ఒకేసారి చెప్పాలని పీఎఫ్ సంస్థ (ఈపీఎఫ్ఓ) తన కార్యాలయాలకు ఆదేశాలు కూడా ఇచ్చింది. ఆదేశం అక్కడ ఉంది, ఆచరణ మాత్రం బల్లను బట్టి మారుతోంది. నన్నడిగితే ఆలస్యానికి అసలు వేరు ఇదే. సిబ్బంది కొరత, కంప్యూటర్ల మొరాయింపు దీని తర్వాతివే.

కాబట్టి తిరస్కరణ వచ్చినప్పుడు ఆ ఒక్క లోపం సరిచేసి మళ్లీ పెట్టేయకండి. యూఏఎన్ ఖాతా తెరిచి పేరు, పుట్టినతేదీ, తండ్రి లేదా భర్త పేరు, చేరిన తేదీలు, వదిలిన తేదీలు, బ్యాంకు ఖాతా, అన్నీ ఒక తెల్ల కాగితం మీద ఒక వరుసలో రాసుకోండి. పక్క వరుసలో ఆధార్ ప్రకారం, ఆ పక్కన కంపెనీ ఇచ్చిన కాగితాల ప్రకారం ఏముందో రాయండి. మూడు వరుసలూ కలవని ప్రతి చోటా గుండ్రంగా గీత గీయండి. ఆ పెద్దాయనతో మొదటిరోజే ఈ పని చేసి ఉంటే మూడు లోపాలూ ఒకే సాయంత్రం తేలేవి.

సరిచేసుకునే దారులు మునుపటికన్నా బాగా తెరుచుకున్నాయి, ఇది ఒప్పుకోవాలి. ఉద్యోగం వదిలి రెండు నెలలు దాటితే వదిలిన తేదీని సభ్యుడే నమోదు చేసుకోవచ్చు. 2017 అక్టోబరు 1 తర్వాత వచ్చిన, ఆధార్‌తో ధ్రువీకరించిన యూఏఎన్ ఉన్నవారు పేరు, పుట్టినతేదీ వంటివాటిని యజమాని ప్రమేయం లేకుండానే మార్చుకునే వీలు 2025 జనవరి నుంచి వచ్చింది. అంతకు ముందువారు యజమానితో కలిసి జాయింట్ డిక్లరేషన్, అంటే ఉమ్మడి ప్రకటన, పెట్టాలి. కంపెనీ మూతపడితే గెజిటెడ్ అధికారి వంటివారి ధ్రువీకరణతో కాగితం మీద పెట్టుకోవచ్చు. మూతపడిన కంపెనీ పాత జీతం చీటీ, గుర్తింపు కార్డు, ఈఎస్ఐ కార్డు వంటివి ఎంత చిరిగిపోయినా పారేయకండి. నేను చూసిన ఒక క్లెయిములో 1998 నాటి జీతం చీటీ ఒక్కటే సాక్ష్యమై నిలిచింది.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

ఫిర్యాదుకు ముందు ఒక చిన్న విషయం. 'నా పెన్షన్ రాలేదు, దయచేసి ఇప్పించండి' అని రాస్తే, 'మీ క్లెయిము పరిశీలనలో ఉంది' అని జవాబు వచ్చి ఫిర్యాదు మూసుకుపోతుంది. అడిగిన ప్రశ్నకు తగ్గ జవాబే అది. ఇలా రాసి చూడండి: 'ఫలానా తేదీన ఫలానా నంబరుతో 10డీ క్లెయిము అందింది. నేటికి 34 రోజులైంది. లోపం ఏదీ రాతపూర్వకంగా తెలపలేదు. క్లెయిములో లోపాలుంటే అన్నీ ఒకేసారి తెలపండి. లేకపోతే పరిష్కరించే తేదీ చెప్పండి.' దీనికి ఒక్క వాక్యంతో తప్పించుకోవడం కష్టం. తేదీ, నంబరు, రోజుల లెక్క, స్పష్టమైన కోరిక ఉంటే చాలు. కోపం రాయనవసరం లేదు.

ముందుగా పీఎఫ్ సంస్థ సొంత ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక ఈపీఎఫ్ఐజీఎంఎస్. అక్కడ తేలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వేదిక సీపీగ్రామ్స్. 2024 ఆగస్టులో దాని పరిష్కార గడువును 21 రోజులకు తగ్గించారు. జవాబు నచ్చకపోతే అక్కడే అప్పీలు చేసుకోవచ్చు, చాలామంది ఆ అప్పీలు మీట నొక్కకుండానే నిరాశపడి వదిలేస్తారు. మనిషితో మాట్లాడాలనుకునేవారికి ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిగే 'నిధి ఆప్కే నికట్' అనే పీఎఫ్ శిబిరం ఉంది. సెలవు రోజైతే మరుసటి పనిదినాన జరుపుతారు. ఆన్‌లైన్‌లో నెలలు నలిగిన విషయం అక్కడ అధికారి ఎదుట పది నిమిషాల్లో తేలడం నేను చూశాను. కాగితాలు ఎదురుగా ఉండి, ప్రశ్న వేసే మనిషీ జవాబిచ్చే మనిషీ ఒకే చోట ఉండడమే దానికి కారణం.

ఇవేవీ పనిచేయకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మీ ఫైలు ఏ తేదీన ఎవరి బల్ల మీదికి వచ్చింది, అక్కడ ఎన్ని రోజులు ఉంది అని అడగవచ్చు. 30 రోజుల్లో చెప్పాలి. పీఎఫ్ సభ్యుడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది, కాబట్టి సేవాలోపం మీద వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. అయితే ఆ దారి పొడుగైనది. అంతదాకా పోకుండా తేలే మార్గాలన్నీ ముందు వాడుకోవడం మేలు.

డబ్బు తీసుకుని పని చేసిపెడతామనే దళారులు పీఎఫ్ ఆఫీసుల చుట్టూ, ఇప్పుడు ఫోన్లలో కూడా ఉన్నారు. వారికి ఓటీపీ చెప్పవద్దు, ఆధార్ నకళ్లు ఇవ్వవద్దు. ఫారం నింపడానికి సాయం కావాలంటే మీ యూనియన్‌నో, చదువుకున్న పిల్లలనో పక్కన కూర్చోబెట్టుకోండి.

పెన్షన్ మొదలయ్యాక వచ్చే ఆలస్యాలు తగ్గాయి. 2025 జనవరి 1 నుంచి కేంద్రీకృత చెల్లింపు విధానం దేశమంతా అమల్లోకి వచ్చింది. 68 లక్షల మందికి పైగా పెన్షనర్లకు ఏ బ్యాంకు ఏ శాఖలోనైనా పెన్షన్ పడుతుంది. కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో ఊరు మారినప్పుడు పెన్షన్ ఆర్డరును ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు బదిలీ చేయించుకునే అవస్థ పోయింది. ఆ బదిలీ కోసం నెలల తరబడి పెన్షన్ ఆగిన ముసలివాళ్లను చూసినవాణ్ణి కాబట్టి, ఈ మార్పును మనసారా మెచ్చుకుంటాను. లైఫ్ సర్టిఫికెట్ కూడా నవంబరులోనే ఇవ్వాలన్న నియమం లేదు. ఏడాదిలో ఎప్పుడిచ్చినా అప్పటి నుంచి పన్నెండు నెలలు చెల్లుతుంది. వేలిముద్రలు అరిగిపోయినవారికి ముఖం చూపించి ఇచ్చే వీలు 2022 నుంచి ఉంది. జీవితమంతా నూలు పట్టిన వేళ్లకు ముద్రలు ఎక్కడుంటాయి?

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేవి మరణ క్లెయిములు. ఉద్యోగంలో ఉండగా సభ్యుడు చనిపోతే, ఒక్క నెల పెన్షన్ వాటా కట్టి ఉన్నా భార్యకు పెన్షన్ వస్తుంది. ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి వితంతు పెన్షన్‌లో నాలుగో వంతు చొప్పున 25 ఏళ్లు నిండేదాకా వస్తుంది. అదే సమయంలో పీఎఫ్‌కు 20వ ఫారం, బీమాకు 5ఐఎఫ్, పెన్షన్‌కు 10డీ పెట్టాలి. దుఃఖంలో ఉన్న ఇల్లాలు మూడు ఫారాల మధ్య తేడా తెలుసుకోవాలి, భర్త పేరులో అక్షరదోషం ఉంటే ఇప్పుడు సరిచేయడానికి ఆయన లేడు. బతికుండగా ఆన్‌లైన్‌లో నామినేషన్ నమోదు చేసి, కుటుంబ సభ్యుల ఆధార్, పుట్టినతేదీలు అందులో పెట్టి ఉంటే ఈ శ్రమలో సగం ఉండదు.

కిందటి నెలలో అలాంటి ఒకామె పెన్షన్ ఆర్డరు వచ్చిందని సంతోషంగా పట్టుకొచ్చింది. మేమిద్దరం కూర్చుని ఒక్కొక్క గడీ చూశాం. ఆమె పేరు సరిగ్గానే ఉంది, బ్యాంకు ఖాతా సరిగ్గానే ఉంది, పెన్షన్ మొదలైన తేదీ భర్త పోయిన మరుసటి రోజే. చిన్నమ్మాయి పుట్టిన సంవత్సరం మాత్రం 2009 బదులు 2006 అని పడింది. అంటే ఆ పిల్ల పెన్షన్ మూడేళ్లు ముందే ఆగిపోతుంది. అప్పటికప్పుడు జనన ధ్రువపత్రం నకలు జతచేసి ఉత్తరం రాశాం. మరునాడు పొద్దున ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీ ముద్ర వేయించుకొచ్చింది.